ఏటి అవతలి తాలూకా

ఒరే బుజ్జీ, ఆ ప్యాకింగు చెక్క మేకులతో సహా మంటలో పడెయ్యకు. మేకులు పీకి వెయ్యి. పొద్దెక్కాక ఆ బూడిదలో చెప్పుల్లేకుండా తిరిగేది మీరే. భోగిమంట అంటే మా ఊళ్లో తాటిమట్టలు, పాత తడకలు, పిడకలు. ఇక్కడ ఎలక్ట్రానిక్ సిటీలో ఏసీ మిషన్లు వచ్చిన చెక్కపెట్టెలు. మండటం మాత్రం బాగానే మండుతున్నాయి. చిన్నపిల్లల్ని అటు కూర్చోబెట్టకమ్మా, పొగ అటే తిరిగింది.

ఏం చెప్పమంటారు? ఉప్పెన కథే అడుగుతారు, నాకు తెలుసు. మాది దివిసీమ అన్నానో లేదో ఎవరైనా సరే "ఉప్పెన వచ్చింది, అదే కదండీ?" అంటారు. అదే. కాదనను. కానీ ఎనభై ఏళ్లు బతికిన మనిషిని పట్టుకుని "ఫలానా సంవత్సరం మీకు టైఫాయిడ్ వచ్చింది, ఆయనే కదూ?" అంటే ఎట్లా ఉంటుంది? ఆ జ్వరానికి ముందూ ఆయన బతికాడు, తర్వాతా బతికాడు. పెళ్లి చేసుకున్నాడు, పొలం గట్టు తగాదాలు పడ్డాడు, కొడుకుల్ని బెంగళూరు పంపాడు. ఉప్పెన సంగతి చెబుతాను. ముందు దివి సంగతి వినండి.

కృష్ణ బెజవాడ దాటి కిందికొచ్చాక పులిగడ్డ దగ్గర రెండు పాయలవుతుంది. ఆ పాయలకీ సముద్రానికీ మధ్య చిక్కుకున్న నేలే దివి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, ఆ చివర హంసలదీవి. కిందికి పోయేకొద్దీ ఏరు ఇంకా చీలుతుంది, ఇంకా దీవులు పుడతాయి. ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ. దీవిలో దీవులన్నమాట. ఆ చివరికి పోతే మడ అడవి. చెట్ల వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకొస్తాయి, ఆటుపోట్లకి మునిగి తేలుతుంటాయి. మీరు టీవీలో చూసే బావురుపిల్లి, నీళ్లల్లో చేపలు పట్టే పిల్లి, అక్కడే ఉంటుంది. మేం చిన్నప్పుడు దాన్ని చూడటానికి పోలేదు లెండి, అది మా కోళ్లకోసం వచ్చేది.

తాలూకా అంటే మీకు తెలీదు కదూ. ఇప్పటి మండలం లాంటిదే, ఇంకా పెద్దది. తహసీల్దారు కూర్చునే చోటు. మాది దివి తాలూకా. పేరుకి దివే గానీ తాలూకా అంతా దీవి కాదు. కూచిపూడి ఉందే, నాట్యం కూచిపూడి, అదీ దివి తాలూకాలోదే. ఘంటసాల, చల్లపల్లి కూడా. అవి ఒడ్డు మీది ఊళ్లు. ఒడ్డు మీదున్న అంతంత పేరున్న ఊళ్లని కూడా మా దీవి పేరు పెట్టి పిలిచేవాళ్లు చూడండి, అందుకు మావాళ్లకి లోపల కొంచెం గర్వం ఉండేది. ఒడ్డువాళ్లు మమ్మల్ని "ఏటి అవతలివాళ్లు" అనేవాళ్లు. మేమూ వాళ్లని అదే అనేవాళ్లం.

రాజుల సంగతి పెద్దగా చెప్పను. బందరు రేవు ఎవరి చేతికొస్తే దివి వాళ్ల చేతికొచ్చేది, అంతే. 1750 ప్రాంతంలో హైదరాబాదు గద్దె తగువులో సాయం చేసినందుకు ఫ్రెంచివాళ్లకి బందరు ఇచ్చారు, దాంతోపాటు దివి కూడా. 1759లో కల్నల్ ఫోర్డు వచ్చి బందరు కోట పట్టాడు. అంతటితో ఫ్రెంచివాళ్ల పని అయిపోయింది. ఆ తర్వాత జమీందార్ల కాలం, చల్లపల్లి రాజాగారి కాలం. మా తాతలకి ఫ్రెంచివాడెవడో ఇంగ్లీషువాడెవడో పట్టలేదు. శిస్తు అడిగేవాడు పడవ దిగి వచ్చేవాడు, అది తెలిస్తే చాలు.

మావాళ్లకి పట్టింది నీళ్ల గొడవ. అదేవిటి, రెండు వైపులా కృష్ణ, మూడో వైపు సముద్రం, నీళ్లకి కరువేమిటి అంటారు. అదే కిటుకు. 1855కి బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలువలు తవ్వారు. అటు గుంటూరు వైపు, ఇటు బందరు, గుడివాడ వైపు పొలాలన్నీ పచ్చబడ్డాయి. మా వైపు వచ్చిన కాలువ ఏటి గట్టు దగ్గర ఆగిపోయింది. ఏరు దాటి కాలువ ఎట్లా వస్తుంది? ఏట్లో నీళ్లేమో వేసవిలో సముద్రం పోటుకి ఉప్పెక్కుతాయి. అందరికీ నీళ్లిచ్చే నది మా ముంగిట్లోంచి పోతూ మా చేలకి మాత్రం ఇవ్వలేదు. వానే మాకు దిక్కు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లీషు ఇంజనీర్లకి ఒక ఆలోచన వచ్చింది. కాలువ రాలేకపోతే ఏట్లోంచే తోడి పోద్దామని. పెద్ద పెద్ద డీజిలు ఇంజన్లు సీమ నుంచి తెప్పించి పంపుల స్టేషను పెట్టారు. ఇంజన్లతో నీళ్లు తోడి తాలూకాకి తాలూకా తడపటమనేది ఆ రోజుల్లో ఊహకందని మాట. మా తాత చెప్పేవాడు, మొదట అది మొదలుపెట్టినప్పుడు ఆ చప్పుడుకి గేదెలు తాళ్లు తెంపుకుని పారిపోయాయని. నిజమో కోతో. మా తాత చెప్పేవాటిలో గేదెలు తరచూ పారిపోతుండేవి. కానీ ఇంజన్ల ఖర్చు ఇంజన్లదే. నూనె కొనాలి, సామాను అరిగితే ఓడ మీద రావాలి. చివరికి పులిగడ్డ దగ్గర అక్విడెక్టు కట్టారు. ఏటి మీద వంతెన, ఆ వంతెన మీద కాలువ. కింద కృష్ణ పారుతుంటుంది, పైన కృష్ణ నీళ్లే కాలువగా ఏరు దాటి దివిలోకి వస్తాయి. దాని మీదుగానే మనుషులూ దాటారు. మావాళ్లు దాన్ని అక్విడెక్టు అనే పిలిచారు, అక్షరం ముక్క రానివాళ్లు కూడా. దివికి మొదట దారి పడింది మనిషి కోసం కాదురా, నీళ్ల కోసం. నీళ్ల వెనకాల మనిషి వచ్చాడు.

మీకిక్కడ వారానికిన్ని ట్యాంకర్లు అని వాట్సాప్‌లో లెక్కలు వేసుకుంటుంటారే, నేను అవి చదివి నవ్వుకుంటాను. మా అమ్మ అయితే ఈ ట్యాంకరు డ్రైవరుకి మజ్జిగిచ్చి కూర్చోబెట్టేది.

ఒక వైపు అక్విడెక్టు ఉన్నా రెండో వైపు పడవే. రేపల్లెలో రైలెక్కాలంటే పులిగడ్డ దగ్గర ఏరు దాటి పెనుమూడి రేవులో దిగాలి. పెళ్లివాళ్లూ, పశువులూ, పురిటి మంచమూ, పరీక్ష పేపర్ల కట్టలూ అన్నీ పడవే. రేవులో పడవ కోసం కూర్చోవటమే మాకు సగం చదువు. ఎవరికి ఎక్కడ సంబంధం కుదిరింది, మినుము ధర ఎంత పలికింది, ఏ పార్టీవాడు ఎక్కడ మీటింగు పెడుతున్నాడు, అంతా అక్కడే తెలిసేది. పడవవాడికి తొందర ఉండేది కాదు. పడవ నిండితే గానీ కదిలేది కాదు. ఆ మాటకొస్తే ఎవరికీ తొందర ఉండేది కాదు, ఒక్క పురిటి మంచంతో వచ్చినవాళ్లకి తప్ప.

నేను బడిపంతులుగా చేరేనాటికి సమితులుండేవి. 1959లో మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ వచ్చింది. ఊరికి పంచాయతీ, కొన్ని ఊళ్లకి కలిపి పంచాయతీ సమితి, జిల్లాకి జిల్లా పరిషత్తు. సమితికి ఒక ప్రెసిడెంటు, ఒక బీడీవో. ప్రాథమిక బళ్లన్నీ సమితివే, మా జీతాలూ సమితివే. జీతం ఆలస్యమయితే మనం ఎవర్ని అడగాలో తెలుసు. ప్రెసిడెంటుగారు సంతలో కూరగాయలు కొంటూ కనబడేవాడు. ఆయన్ని అక్కడే పట్టుకుని అడిగేవాళ్లం. ఆయన తప్పించుకోలేడు, దీవి కదా, ఎక్కడికి పోతాడు? తూము కట్టాలా, బడికి పైకప్పు వెయ్యాలా అని సమితి మీటింగుల్లో కొట్టుకున్నంత పనిచేసేవాళ్లు. బడి పైకప్పు ఎప్పుడూ ఓడిపోయేది. దివిలో తూముదే పైచెయ్యి, నీళ్లు ఆగిపోతే చేను చస్తుంది. నేను మాత్రం తాటాకు కప్పు కింద, వానొస్తే పిల్లల్ని ఒక మూలకి చేర్చి, ఎక్కాలు చెప్పాను.

సరే, ఇక 1977.

కార్తీక మాసం. వరి కోతకొచ్చింది. రేడియోలో తుఫాను హెచ్చరిక చెప్పారు, చెప్పలేదనటం తప్పు. కానీ మా తీరానికి ఏటా చెబుతారు. ఎప్పుడూ చెప్పేదే కదా అనుకున్నారు జనం. వెళ్లటానికి చోటు కూడా ఉండాలి కదా. ఊరంతా తాటాకు ఇళ్లు. మిద్దె ఉన్న ఇల్లు ఊరికి ఒకటో రెండో. కొన్ని పల్లెల్లో అదీ లేదు. నవంబరు 19, శనివారం. పొద్దుటి నుంచీ గాలి. మధ్యాహ్నానికి మనిషి నిలబడే పరిస్థితి లేదు. సాయంత్రానికి సముద్రం వచ్చేసింది.

అయిదారు మీటర్ల ఎత్తున వచ్చిందని తర్వాత కొలిచినవాళ్లు రాశారు. మావాళ్లు తాటిచెట్టంత అంటారు. చీకట్లో, ఆ హోరులో, ఎవడు కొలిచాడు? మేం కొంతమందిమి ఒక మిద్దె మీద ఉన్నాం. ఎవరి ఇల్లో అని ఎవరూ అడగలేదు. మీదికి ఎక్కినవాళ్లు బతికారు. తాటిచెట్టుని కౌగిలించుకుని రాత్రంతా ఉన్నవాళ్లు కొందరు బతికారు. వాళ్ల రొమ్ములూ చేతులూ మట్టలకి కోసుకుపోయి, ఆ మచ్చలు చివరిదాకా ఉన్నాయి. తెల్లారేసరికి నీళ్లు తీశాయి. సొర్లగొంది లాంటి ఊళ్లు ఊళ్లకి ఊళ్లే పోయాయి. పదివేల మంది దాకా అని సర్కారు లెక్క. మావాళ్లు ఆ లెక్క ఒప్పుకోరు. లంకల్లో కూలికొచ్చినవాళ్ల పేర్లు, చేపలవేటకొచ్చి పాకలు వేసుకున్నవాళ్ల పేర్లు ఏ జాబితాలో ఉంటాయి?

మీకొకటి చెప్పాలి, మీరు ఇంజనీర్లు కాబట్టి. ఆ తుఫాను తీరం దాటింది మా మీద కాదు, చీరాల వైపు. మరి ఇంతమందీ మా దగ్గరెందుకు పోయారు? మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. దాంతో కేంద్రానికి ఉత్తరాన ఉన్నవాళ్ల మీదికి గాలి సముద్రాన్ని తోసుకొస్తుంది. దక్షిణాన ఉన్నవాళ్ల దగ్గర ఒడ్డు మీంచి సముద్రంలోకి వీస్తుంది. మేం ఉత్తరాన పడ్డాం. పైగా మా దగ్గర సముద్రం చాలా దూరం లోతు లేకుండా ఉంటుంది, నేలేమో పల్లం. లోతు లేని చోట తోసిన నీళ్లు కిందికి పోలేవు, పైకే లేస్తాయి. ఇది నాకు అప్పుడు తెలీదు. బడిపంతుల్ని, భూగోళం చెప్పేవాణ్ణి, అయినా తెలీదు. మా పాఠంలో రుతుపవనాలున్నాయి గానీ ఇది లేదు. తర్వాత చదువుకున్నాను. 1864 నవంబరులో కూడా బందరు మీద ఇట్లాగే సముద్రం వచ్చిందనీ, ముప్పై వేల మంది పోయారనీ చదివాను. మా ఉప్పెనకి నూటపదమూడేళ్ల ముందు మా పక్కనే జరిగింది. మా ఇళ్లల్లో ఆ మాట ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు అప్పుడే పోయారేమో.

బడి మళ్లీ తెరిచినప్పుడు హాజరుపట్టీ కొత్తది ఇచ్చారు. పాతది తడిసిపోయింది. ఎవరెవరి పేర్లు రాయాలో ఊళ్లోకి పోయి అడిగి రాసుకొచ్చాను. అంతకంటే ఆ సంగతి చెప్పను, పండగపూట.

దేశం కదిలొచ్చిందిరా, అది చెప్పాలి. సినిమా హీరోలు రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టి వీధుల్లో తిరిగారు, మా కోసం. మదర్ థెరిసా వచ్చింది. మా అవనిగడ్డ ఎమ్మెల్యే మండలి వెంకటకృష్ణారావుగారు అప్పటికి పెద్ద మనిషి, రెండేళ్ల ముందు, 1975లో, హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు ఆయన విద్యామంత్రిగా ఉండగానే జరిగాయి. ఆ పట్టుపంచెల సభలు జరిపించిన మనిషే బురదలో మాతో పాటు తిరిగాడు. ఆయన్ని మావాళ్లు దివిసీమ గాంధీ అనేవాళ్లు. రాజకీయంగా ఆయనంటే పడనివాళ్లు కూడా ఆ మాట దగ్గర నోరెత్తరు. ఎక్కడెక్కడి సంస్థలో వచ్చి పక్కా ఇళ్లు కట్టాయి, తుఫాను షెల్టర్లు కట్టాయి. తాటాకు ఇళ్ల దివి శ్లాబు ఇళ్ల దివి అయింది.

అది ఊరికే పోలేదు. 1990 మే 9న మళ్లీ వచ్చింది, దాదాపు అంత జోరుగానే, ఈసారి మా కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి బందరులో రాడారు ఉంది, ఆకాశంలో ఉపగ్రహం ఉంది, ఊళ్లో షెల్టరు ఉంది. లక్షన్నర మందిని ముందే కదిలించారు. రాష్ట్రమంతా కలిపినా పోయినవాళ్లు వెయ్యిలోపే. పదమూడేళ్ల తేడా. దివిసీమ గురించి పుస్తకం రాసేవాడు 77కి యాభై పేజీలిచ్చి 90కి ఒక పేరా ఇస్తాడు. నన్నడిగితే తిరగేసి రాయాలి. చావు కథ అందరూ వింటారు, చావకుండా ఆపిన కథ ఎవడికీ గుర్తుండదు.

ఆ మంట కొంచెం ఎగదొయ్యి. ఆఁ, చాలు.

మీ ఎలక్ట్రానిక్ సిటీ ఎప్పుడు పుట్టిందో తెలుసా? మా దీవి మునిగిన మరుసటేడు. 1978లో, కియోనిక్స్ అని కర్ణాటక ప్రభుత్వ సంస్థ, దానికి బాళిగా గారని ఒకాయన, ఆర్.కె. బాళిగా, ఇక్కడ కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు ఊళ్ల దగ్గర 332 ఎకరాల్లో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు పెడతానన్నాడు. బెంగళూరికి ఇంత దూరంగా రాగి చేలల్లో ఏముంటుందని నవ్వారట. ఇప్పుడు చూడండి. ఇక్కడ కూడా నాకు మా దివే కనబడుతుంది. 2013లో ఈ ఫ్యాక్టరీల ప్రాంతానికి విడిగా ఎల్సిటా అని టౌన్‌షిప్ అథారిటీ ఇచ్చారు. రోడ్లు, దీపాలు, చెత్త, పన్నులు లోపల వాళ్లే చూసుకుంటారు. ఆ గీత దాటి ఇవతలికొస్తే మన వీధి వాళ్లది కాదు. లోపల ఫుట్‌పాత్ అద్దంలా ఉంటుంది, ఇవతల మన వీధిలో గుంట. నీళ్లు లేకపోయినా దీవి దీవే. 2010లో ఫ్లైఓవరు వేశారు, మొన్న 2025 ఆగస్టులో మెట్రో వచ్చింది. దీవికి వంతెనలు పడ్డాయి. ఇప్పుడు ఇక ఎవరికి ఎవరు పన్ను కట్టాలన్న గొడవ మొదలవుతుంది, చూస్తుండండి. దారి పడితే ఆ గొడవ వస్తుంది, ఎక్కడైనా.

నేను చెప్పేది మా ఊరి సంగతి ఒకటే అనుకోకండి. మన పక్క ఫ్లాటు కుర్రాడు, అదిగో ఆ మంకీ క్యాపు పెట్టుకున్నవాడే, ప్రాజెక్టు మీద నార్వే పోయొచ్చాడు కదా. స్టావెంగర్ అనే ఊళ్లో ఉన్నాడు. దాని పక్కనే సముద్రంలో ఫిన్నోయ్ అనే దీవి. చలిదేశంలో గాజు ఇళ్లల్లో టమాటాలు పండిస్తారట అక్కడ. ఆ దీవికి సొంత మునిసిపాలిటీ ఉండేది, సొంత మేయరు. 2009లో సముద్రం అడుగున సొరంగం తవ్వి కార్లు పోయేటట్టు దారి వేశారు. 2020 జనవరి 1న ఆ మునిసిపాలిటీని తీసేసి స్టావెంగర్‌లో కలిపేశారు. పక్కనే రెన్నెసోయ్ అనే ఇంకో దీవిదీ అదే గతి, అదే రోజు. ఇది కొత్త సంగతి కాదు. 1950ల చివర ఆ దేశంలో 744 మునిసిపాలిటీలుంటే, పదేళ్లు తిరక్కుండా 454 చేశారు. చిన్న చిన్నవి ఎన్నో పెద్దవాటిలో కలిసిపోయాయి. పడవ మీదే బతికినన్నాళ్లూ ఆ దీవి మేయరు కూడా మా సమితి ప్రెసిడెంటు లాగానే ఉండి ఉంటాడు, సంతలో దొరికిపోయేవాడు. ఇప్పుడు ఫిర్యాదు చెయ్యాలంటే సొరంగంలోంచి కారేసుకుని స్టావెంగర్ పోవాలి.

మా దగ్గర జరిగింది ఇంకో రకం. పెద్దదానిలో కలపలేదు, ముక్కలు చేశారు. 1984లో కరణాలనీ మునసబులనీ తీసేశారు. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. సమితి పోయింది, మండల ప్రజా పరిషత్తు వచ్చింది, బీడీవో ఎండీవో అయ్యాడు. రామారావుగారి కాలం. అప్పుడు జోలె పట్టి మా కోసం తిరిగినాయనే ఇప్పుడు ముఖ్యమంత్రి. అవనిగడ్డ ఒక మండలం, నాగాయలంక ఒకటి, కోడూరు ఒకటి, చల్లపల్లి, ఘంటసాల ఎవరిది వాళ్లదే. దివి అనే పేరుతో ఒక్క ఆఫీసూ లేకుండా పోయింది.

మంచిదా చెడ్డదా అంటే, జనానికి మంచిదే. కోడూరు రైతు అడంగలు నకలు కోసం రోజంతా పోగొట్టుకునే బాధ తప్పింది. ఆ మాట నేను కాదంటే నా నోరు పడిపోతుంది. కానీ ఒక సంగతి పోయింది. కాలువ పైన ఉన్నవాడూ, కాలువ చివర ఉన్నవాడూ ఒక గదిలో కూర్చుని నీళ్ల కోసం తిట్టుకునేవాళ్లు సమితిలో. చివర ఊరివాడు లేచి "మీరు తాగి వదిలేదాకా మేం నోళ్లు తెరుచుకుని కూర్చోవాలా?" అని మొహం మీదే అడిగేవాడు. మండలాలయ్యాక పైవాడు ఒక మండలం, కిందివాడు ఇంకో మండలం. తిట్టుకోవాలంటే బందరు పోయి జిల్లా మీటింగులో తిట్టుకోవాలి. అంత దూరం పోయి తిట్టేంత ఓపిక రైతుకెక్కడిది? కాలువ చివరి భూములు ఉప్పెక్కి, రొయ్యల చెరువులైపోవటానికి ఇదే కారణమని అనను, రొయ్యలో డబ్బుంది, అదీ కారణమే. కానీ ఇదీ ఉంది.

తర్వాత వంతెనలు. పులిగడ్డ నుంచి పెనుమూడికి పెద్ద వంతెన పడింది, మండలి వెంకటకృష్ణారావుగారి పేరే పెట్టారు. కోడూరు వైపు నుంచి బందరుకి ఉల్లిపాలెం, భవానీపురం మధ్య ఇంకోటి. పెనుమూడి రేవులో పడవ కోసం కూర్చునేవాడు లేడు. హైవే మీద లారీలు దివిలోంచి పోతుంటాయి, ఏ దీవిలో ఉన్నామో డ్రైవర్లకి తెలీదు. నాగాయలంక కింద గుల్లలమోద దగ్గర క్షిపణులు పరీక్షించే కేంద్రానికి 2025 మేలో ప్రధాని శంకుస్థాపన చేశాడు. ఎడ్లబండి దిగబడే చోటు నుంచి రాకెట్లు ఎగురుతాయట. ఎగరనియ్యండి. నాకొకటే అనుమానం, ఆ ఉప్పుగాలికి ఇనుము ఎన్నాళ్లుంటుందో. మా సైకిలు చైను రెండేళ్లు ఉండేది కాదు.

వంతెన రానివాళ్లు ఇంకా ఉన్నారు. ఎదురుమొండివాళ్లు. ఏటిమొగ దగ్గర ఇప్పటికీ పంటు ఎక్కి దాటాల్సిందే. పంటు అంటే పడవల మీద చెక్కలు పరిచిన బల్లకట్టు లాంటిది. మోటారు సైకిళ్లు, ఆటోలు, గడ్డిమోపులు, మనుషులు అంతా దాని మీదే. అక్కడ వంతెన కడతామనే మాట ప్రతి ఎన్నికలకీ వింటున్నాను. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి పదకొండు లక్షల క్యూసెక్కులకి పైగా వదిలారు కదా, మొత్తం వచ్చి పడేది వాళ్ల మీదే. బుడమేరు పొంగి బెజవాడ మునిగిందని దేశమంతా చూసింది. బ్యారేజీ వదిలిన నీళ్లు ఆ తర్వాత ఎటు పోయాయని ఎవరూ అడగలేదు. మా మీదుగానే పోయాయి.

అమ్మాయ్, కాఫీ తెస్తానన్నావు, ఏమైంది?

బుజ్జీ, నువ్వు వేసవి సెలవల్లో వస్తానంటున్నావు కాబట్టి చెబుతాను, విను. యశ్వంతపూర్‌లో కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కు. అది బందరు దాకా పోతుంది, బెజవాడలో దిగే పని లేదు. బందరులో అవనిగడ్డ బస్సెక్కి, చల్లపల్లి దాటాక కిటికీ పక్కకి జరుగు, పులిగడ్డ దగ్గర అక్విడెక్టు కనబడుతుంది. ఫోను తీసి వీడియో తియ్యకు, చూడు, కింద ఏరు, పైన కాలువ. అవనిగడ్డ నుంచి నాగాయలంక. అక్కడ భోజనం చెయ్యి, పండుగప్ప ఉందా అని అడుగు, లేకపోతే మట్టగిడస. ఏటిమొగకి ఆటోలో పోవాలి. పంటు దగ్గర తొందరపడి కొత్త చెప్పులతో దిగకు, బురద ఊడబెరుకుతుంది. చీకటి పడకముందే తిరిగొచ్చెయ్యి. ఎదురుమొండిలో ఎవరైనా ఏ ఊరబ్బాయివి అని అడిగితే ఎలక్ట్రానిక్ సిటీ అని చెప్పకు. నా పేరు చెప్పి, సమితి బడి పంతులుగారి మనవణ్ణని చెప్పు. తెలిసినవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురుంటారు. ఉప్పెన సంగతి వాళ్లని అడగకు. పంపుల సంగతి అడుగు, గేదెలు నిజంగా పారిపోయాయా అని.